ఇరవై నిమిషాల పంచమం: క్యాట్ ఆండర్సన్ తారస్వరాలు, వెనుక వరుస వాద్యకారులు

1956 జూలై 7వ తేదీ రాత్రి అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో ప్రసిద్ధ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ బృందం ‘డిమినుయెండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ’ అనే రచనను వాయించింది. ఆ కచేరీ గురించి రాసేవారు రెండు విషయాలను తప్పక చెబుతారు. శాక్సోఫోన్ వాద్యకారుడు పాల్ గొన్సాల్వెస్ ఏకధాటిగా 27 ఆవర్తాలు వాయించారన్నది మొదటిది, శ్రోతలు కుర్చీల్లోంచి లేచి నాట్యం చేశారన్నది రెండవది. మరుసటి నెలలో టైమ్ పత్రిక ముఖచిత్రంపై ఎలింగ్టన్ కనిపించారు. అయితే ఆ రికార్డింగును చివరి దాకా వినే ఓపిక ఉన్నవారికి మూడో సంగతి కూడా తెలుస్తుంది. గొన్సాల్వెస్ ఆగిన తరువాత బృందమంతా కలిసి మెట్టు మెట్టుగా నాదాన్ని పెంచుకుంటూ పోయి, ఇక పైకి వెళ్లడానికి చోటు లేదనిపించిన క్షణంలో, ఆ ధ్వని మొత్తానికీ శిఖరంలా ఒక ట్రంపెట్ నిలబడుతుంది. ఆ ట్రంపెట్ విలియం అలోంజో ఆండర్సన్‌ది. తోటివారు ఆయనను క్యాట్ ఆండర్సన్ అని పిలిచేవారు.

ఆ స్వరం ఎలా పుడుతుంది అన్నది ఒక ప్రశ్న. దాన్ని పుట్టించిన మనిషి గురించి మనకు ఎందుకు ఇంత తక్కువ తెలుసు అన్నది మరో ప్రశ్న. ఈ రెండింటినీ విడివిడిగా చర్చించడం అలవాటు. మొదటిది సంగీత ఉపాధ్యాయుల విషయమని, రెండవది చరిత్రకారుల విషయమని అనుకుంటాము. నా ఉద్దేశంలో అవి ఒకే ముడికి రెండు కొసలు. తారస్వరం అంటే ఊపిరి బలంతో చేసే గారడీ అని నమ్మినంత కాలం, దాన్ని వాయించేవాడు మనకు గారడీవాడిగానే కనిపిస్తాడు.

ముందుగా వాద్యాన్ని చూద్దాం. సాధారణ బి-ఫ్లాట్ ట్రంపెట్‌లో చుట్టలు చుట్టిన గొట్టాన్ని సాగదీస్తే దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవు ఉంటుంది. సన్నాయికి ఉన్నట్టు దానికి రంధ్రాలు లేవు, రెల్లు పీక కూడా లేదు. వాయించేవారి పెదవులే పీక పని చేస్తాయి. మూడు వాల్వులు గొట్టం పొడవును కొద్దికొద్దిగా పెంచడానికి మాత్రమే ఉపయోగపడతాయి. రెండవ వాల్వు నొక్కితే స్వరం అర మెట్టు, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడవది నొక్కితే ఒకటిన్నర మెట్టు దిగుతుంది. ఏ వాల్వూ నొక్కకుండా పెదవుల కంపనాన్ని మాత్రమే మారుస్తూ పోతే గొట్టం తనకు సహజమైన స్వరాలను వరుసగా ఇస్తుంది. మన పరిభాషలో చెప్పాలంటే మొదట మధ్యస్థాయి షడ్జం, తరువాత పంచమం, ఆపైన తారస్థాయి షడ్జం, అంతర గాంధారం, పంచమం, కాస్త దిగిన నిషాదం, మళ్లీ ఇంకో షడ్జం వస్తాయి. ఆ చివరి షడ్జాన్నే ట్రంపెట్ వాద్యకారులు హై సి అంటారు. దాని కంపనాల సంఖ్య సెకనుకు సుమారు 932.

ఈ వరుసలో కష్టం ఎక్కడుందో గమనించాలి. ఈ సహజ స్వరాలనే మెట్లు అనుకుంటే, కింది మెట్ల మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది కనుక పెదవులు కొంచెం తప్పినా గొట్టమే వాటిని సరైన స్వరంలోకి లాక్కుంటుంది. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరపడతాయి. హై సి నుంచి దానికి పై షడ్జం దాకా, అంటే డబుల్ హై సి దాకా, ఒక్క స్థాయిలోనే ఎనిమిది మెట్లు ఇరుక్కుని ఉంటాయి. అక్కడ కాలు ఒక మెట్టు మీద వేయబోయి పక్క మెట్టు మీద వేయడం చాలా సులభం.

ఇంతకన్నా లోతైన కారణం మరొకటి ఉంది. ట్రంపెట్ చివర గంటలా విచ్చుకున్న మూతి, కింది స్వరాలలో ధ్వనితరంగాన్ని చాలా వరకు తిరిగి గొట్టంలోకే పంపుతుంది. అలా తిరిగివచ్చిన తరంగం పెదవులను సరైన సమయంలో తట్టి, వాటి కంపనాన్ని నిలకడగా ఉంచుతుంది. వాద్యం మనకు చేసే సాయమంతా అదే. సెకనుకు దాదాపు 1,500 కంపనాలు దాటిన తరువాత ఆ మూతి తరంగాన్ని వెనక్కి పంపడం దాదాపుగా మానేస్తుంది, శబ్దం నేరుగా బయటికి పోతుంది. డబుల్ హై సి సుమారు 1,865 కంపనాల దగ్గర ఉంటుంది. అంటే ఆ ఎత్తులో వాద్యకారుడికి కాళ్ల కింద మెట్టు ఉండదు. ఏ స్వరం పలకాలో పెదవులు, నాలుక, ఊపిరి, చెవి కలిసి ముందుగానే నిర్ణయించుకోవాలి, ఏ ఆధారమూ లేకుండా దాన్ని గాలిలో నిలబెట్టాలి. క్యాట్ ఆండర్సన్ నివసించిన ప్రదేశం అది. మామూలు వాద్యకారులు రెండున్నర స్థాయిల్లో జీవితం గడుపుతారు, ఆయన పరిధి ఐదు స్థాయిలకు పైగా ఉండేదని జాజ్ గ్రంథాలు రాస్తాయి.

ఇప్పుడు శరీరం సంగతి. బిగ్గరగా తారస్వరం వాయించేటప్పుడు నోటిలో గాలి పీడనం 25 కిలోపాస్కల్స్ దాకా పోతుందని కొలతల్లో తేలింది. మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు కింద ఉండే పీడనం ఒక కిలోపాస్కల్‌కు మించదు. ఆరోగ్యవంతుడి రక్తపోటులో పై అంకె అయిన 120ని ఇదే కొలమానంలోకి మారిస్తే 16 కిలోపాస్కల్స్ అవుతుంది. ఛాతీలో అంత ఒత్తిడి పెరిగినప్పుడు గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది, అందుకే కొందరు వాద్యకారులకు తారస్వరం మధ్యలో కళ్లు తిరుగుతాయి. కనుక బలం అవసరం లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ బలం ఎక్కడ పనిచేస్తుందన్న విషయంలోనే అపోహలు పేరుకుపోయాయి.

మొదటి అపోహ ఎక్కువ గాలి కావాలన్నది. నిజానికి తారస్వరానికి పీడనం ఎక్కువ కావాలి కాని గాలి పరిమాణం తక్కువే ఖర్చవుతుంది, ఎందుకంటే పెదవుల మధ్య సందు చాలా చిన్నది. రెండవ అపోహ ఉదరవితానంతో నెట్టాలన్నది. అది ఊపిరి పీల్చుకునే కండరం. గాలిని బయటికి నెట్టేవి పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు. మూడవది, అన్నింటికన్నా ప్రమాదకరమైనది, వాద్యం కొసన పెదవులు ఆనించే గిన్నెను, అంటే మౌత్‌పీస్‌ను, పెదవులకు గట్టిగా అదిమితే స్వరం పైకి పోతుందన్నది. పోతుంది, కాని కొన్ని నిమిషాల పాటే. అదిమినప్పుడు పెదవికి రక్తప్రసారం తగ్గి కండరం మొద్దుబారుతుంది. ఆ తరువాత ఇంకా గట్టిగా అదిమితే తప్ప స్వరం రాదు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటి మహావాద్యకారుడు తన యౌవనంలో వరుసగా హై సిలు కురిపించి పెదవిని దారుణంగా గాయపరచుకున్నారు. పెదవి చుట్టూ ఉండే కండరం చిట్లిపోయే గాయానికి తరువాతి కాలంలో వైద్యులు ఆయన ముద్దుపేరైన సాచ్‌మోనే జోడించారు.

స్వరాన్ని పైకి తీసుకుపోయేది ప్రధానంగా పెదవులలో కంపించే భాగం చిన్నదై, బిగువెక్కడం. దానికి తోడు నాలుక పనిచేస్తుంది. ‘ఆ’ అనేటప్పుడు నాలుక నోటి అడుగున పడి ఉంటుంది, ‘ఈ’ అనేటప్పుడు మధ్యభాగం అంగిలి వైపు లేస్తుంది. స్వరం పైకి పోయేకొద్దీ వాద్యకారుడి నాలుక ‘ఆ’ నుంచి ‘ఈ’ వైపు కదులుతుంది. ఉపాధ్యాయులు దీన్ని చాలా కాలంగా చెబుతూనే ఉన్నారు. జర్మనీలోని గోట్టింగెన్‌లో హార్న్ వాద్యకారులను ఎమ్మారై యంత్రంలో ఉంచి వాయింపజేసినప్పుడు ఆ కదలిక కళ్లకు కనిపించింది. ఇక లోతు తక్కువ మౌత్‌పీస్ గురించి చెప్పాలంటే, అది స్వరానికి పదును ఇస్తుంది, శ్రమను కొంత తగ్గిస్తుంది. పెదవులకు తెలియని స్వరాన్ని మాత్రం అది తెచ్చిపెట్టదు.

ఈ నేపథ్యంలో ఆండర్సన్ సూచించిన సాధన ఏమిటో తెలిస్తే మొదట నమ్మశక్యం కాదు. మధ్య షడ్జానికి పైనున్న పంచమాన్ని, అంటే జి స్వరాన్ని, గుసగుసలాంటి ధ్వనిలో ఇరవై నిమిషాల పాటు పట్టుకోవాలి. ట్రంపెట్ నేర్చుకునే పిల్లలకు తొలి వారాల్లోనే పలికే స్వరం అది. దాన్ని ఎంత మెల్లగా వాయించాలంటే పక్క గదిలో ఉన్నవారికి వినిపించకూడదు. ఊపిరి తీసుకునేందుకు ఆగడమే తప్ప మరే విరామమూ లేదు. లోకంలో అందరికన్నా బిగ్గరగా, అందరికన్నా ఎత్తులో వాయించిన మనిషి తన విద్యకు పునాదిగా చెప్పినది ఇది!

కొంచెం ఆలోచిస్తే ఇందులో రహస్యం బోధపడుతుంది. బిగ్గరగా వాయించేటప్పుడు పెదవులు ఎలా ఉన్నా గాలి దౌర్జన్యంగా వాటిని కంపింపజేస్తుంది, తప్పులన్నీ ఆ హోరులో దాక్కుంటాయి. గుసగుసలో ఆ ఆస్కారం లేదు. సందు ఏ మాత్రం పెద్దదైనా స్వరం ఆగిపోతుంది, గాలి మాత్రమే బుస్సుమంటుంది. కనుక పెదవులు ఒకదానికొకటి అతి దగ్గరగా, అతి తక్కువ శ్రమతో నిలబడటం నేర్చుకుంటాయి. మౌత్‌పీస్‌ను అదమవలసిన అవసరమే కలగదు. ఇరవై నిమిషాల తరువాత పెదవి మూలల్లోని కండరాలు నొప్పెడతాయి, మధ్యభాగం మాత్రం మెత్తగా, సజీవంగా ఉంటుంది. డబుల్ హై సికి కావలసిన అమరిక సరిగ్గా అదే. కర్ణాటక సంగీతంలో తారస్థాయిలో నిలబడాలనుకునే గాయకుడు తెల్లవారుజామున మంద్రస్థాయిలో గొంతు నిలబెట్టుకోవడం మనకు తెలిసినదే, ఈ సాధన మనకు మరీ పరాయిదేమీ కాదు.

ఇంత ఓర్పు ఆ మనిషికి ఎక్కడిది అన్నది పుస్తకాలు నేరుగా చెప్పవు. ఆయన బాల్యం మాత్రం కొంత తెలుసు. 1916 సెప్టెంబరు 12న దక్షిణ కెరొలైనాలోని గ్రీన్‌విల్‌లో పుట్టిన ఆండర్సన్ నాలుగేళ్ల వయసులో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుని చార్ల్స్‌టన్‌లోని జెంకిన్స్ అనాథాశ్రమానికి చేరారు. పిల్లల కొట్లాటల్లో ఆయన పోట్లాడే తీరును చూసి తోటి బాలురు పిల్లి అని పేరు పెట్టారు, అదే జీవితాంతం నిలిచింది. ఆ ఆశ్రమాన్ని 1891లో నల్లజాతి మతబోధకుడు డేనియల్ జెంకిన్స్ స్థాపించారు. పోషణకు డబ్బు చాలక పిల్లలతో ఒక బ్యాండు ఏర్పాటు చేశారు. స్థానిక సైనిక కళాశాల విద్యార్థులు వాడి వదిలేసిన దుస్తులు తొడుక్కుని ఆ పిల్లలు వీధి మూలల్లో వాయించేవారు, ముందు టోపీ తిరిగేది. 1895లో జెంకిన్స్ వారిని లండన్ తీసుకుపోతే, చిన్నపిల్లలతో వీధిలో వాయింపజేసినందుకు ఆయన న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చింది. ఆ బ్యాండు తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుల ప్రమాణోత్సవ ఊరేగింపుల్లో కూడా వాయించింది.

ఆకలి తీర్చుకోవడానికి నేర్చిన ఆ సంగీతం జాజ్‌కు ఇచ్చిన మనుషుల సంఖ్య ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆండర్సన్‌తో పాటు జాబో స్మిత్, గస్ ఐకెన్, పీనట్స్ హాలండ్ అనే ట్రంపెట్ వాద్యకారులు అక్కడివారే. కౌంట్ బేసీ బృందంలో 1937 నుంచి యాభై ఏళ్ల పాటు గిటారు పట్టుకుని, సోలో అన్నదే దాదాపుగా వాయించకుండా మొత్తం బృందానికి లయను మోసిన ఫ్రెడ్డీ గ్రీన్ కూడా ఆ బ్యాండుతో తిరిగినవారే. ఆ ఆశ్రమం సోలో వాద్యకారులను తయారు చేయాలనుకోలేదు. వరుసలో నిలబడి, పక్కవాడి ఊపిరితో ఊపిరి కలిపి వాయించే పిల్లలను తయారు చేసింది. నాయకుడి బృందంలో కూలికి వాయించే సైడ్‌మన్ అనే ఉద్యోగానికి కావలసిన సుగుణం అదే, ఆ ఉద్యోగంలో మనిషి కనుమరుగైపోవడానికి కారణం కూడా అదే.

సైడ్‌మన్ అన్న మాటకు మన పక్కవాద్యకారుడు సరిపోడు. మన కచేరీ కరపత్రంలో వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో అచ్చులో ఉంటుంది, తని ఆవర్తనం వారి సొంతం. బిగ్ బ్యాండులోని సైడ్‌మన్ సన్నాయి మేళంలో శ్రుతి పట్టే మనిషికి దగ్గరివాడు. పదిహేను మంది బృందానికి నాయకుడి పేరే పేరు. రికార్డింగు రోజున సైడ్‌మన్‌కు ఆ పూట కూలి ముట్టేది, ఆ రికార్డు లక్షల్లో అమ్ముడుపోయినా తరువాత అతనికి వచ్చేది లేదు. వెనుక గదిలో అతడు వాయించుకున్న చిన్న పలుకు రచనగా మారితే, చాలాసార్లు అది నాయకుడి పేరుతోనే అచ్చయ్యేది.

దీనికి తోడు వర్ణవివక్ష. వాద్యకారుల సమాఖ్యలోనే నల్లవారికి చాలా నగరాల్లో వేరే సంఘాలు ఉండేవి. లాస్ ఏంజెలిస్‌లో రెండు సంఘాలు 1953లో గాని ఒకటి కాలేదు. సినిమా, రేడియో స్టూడియోల్లోని నిలకడైన జీతం అంతవరకు నల్ల వాద్యకారులకు దాదాపుగా అందనిదే. వారికి మిగిలింది రోడ్డు ప్రయాణం, రాత్రికొక ఊరు, దక్షిణాదిలో గది ఇవ్వని హోటళ్లు. ఎలింగ్టన్ 1930లలో తన మనుషుల కోసం ప్రత్యేక రైలు పెట్టెలు అద్దెకు తీసుకున్నారంటే అది ఆడంబరం కాదు, వారికి పడుకునేందుకు చోటు దొరకదన్న సంగతి ఆయనకు తెలుసు.

లక్కీ మిలిందర్, ఎర్స్కిన్ హాకిన్స్, లయనల్ హాంప్టన్ బృందాల్లో పనిచేసి ఆండర్సన్ 1944లో ఎలింగ్టన్ దగ్గరికి వచ్చారు. 1947లో సొంత బృందం కోసం వెళ్లి, 1950లో తిరిగివచ్చారు. మధ్యలో కొద్ది కాలం తప్పుకున్నా 1971 దాకా అక్కడే ఉన్నారు. ఆయన ప్రతిభను అర్థం చేసుకోవడానికి వీలైన ఉదాహరణ 1957 నాటి ‘సచ్ స్వీట్ థండర్’ అనే షేక్‌స్పియర్ స్వరమాలికలో ఉంది. అందులో ‘మ్యాడ్నెస్ ఇన్ గ్రేట్ వన్స్’ అనే భాగం హామ్లెట్ గురించినది. పిచ్చివాడిగా నటిస్తున్నాడో, నిజంగా మతి తప్పుతున్నాడో చెప్పలేని ఆ రాకుమారుడి మనసును ఎలింగ్టన్, ఆయన సహరచయిత బిల్లీ స్ట్రేహార్న్ కలిసి ఆండర్సన్ ట్రంపెట్‌కు అప్పగించారు. వాద్యమే ఆధారం ఇవ్వని ఎత్తుకు స్వరం ఎక్కిపోవడం అక్కడ ప్రదర్శన కాదు. పట్టు తప్పబోయే మనసుకు అంతకన్నా సరైన ధ్వని నాకు తోచదు. తారస్వరం వాడినంత మాత్రాన సర్కసు అని కొట్టిపారేసిన విమర్శకులు ఈ నాలుగు నిమిషాల లోపు సంగీతాన్ని శ్రద్ధగా వినలేదని నా గట్టి అభిప్రాయం.

ఆయన కేవలం పైస్వరాల మనిషి కాదన్న సంగతి ఎలింగ్టన్‌కు తెలుసు. ట్రంపెట్ మూతికి రబ్బరు డిప్ప అడ్డుపెట్టి గుర్రుమనిపించే శైలి ఆ బృందపు ప్రాణం, అవసరమైనప్పుడు ఆండర్సన్ ఆ భాగాలను కూడా వాయించేవారు. ‘ఎల్ గాటో’ వంటి రచనలు చేశారు. అన్నింటికీ మించి ట్రంపెట్ వరుసను నడిపే లీడ్ బాధ్యత మోశారు. స్వరాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ కంపింపజేయాలి, ఎక్కడ తెంచాలి అన్నది లీడ్ వాద్యకారుడు నిర్ణయిస్తే మిగిలినవారు అతణ్ని అనుసరిస్తారు. శ్రోత చెవికి చేరేది నలుగురి స్వరం, నడిపేది ఒక్కరి మనసు. ఆ పని ఎంత బాగా చేస్తే ఆ ఒక్కరు అంతగా కనిపించకుండా పోతారు. డేటన్ నగరానికి చెందిన స్నూకీ యంగ్ ఈ విద్యలో మహాపండితుడు. జిమ్మీ లన్స్‌ఫోర్డ్, కౌంట్ బేసీ బృందాల్లో ట్రంపెట్ వరుసను నడిపి, ఆ తరువాత ఏళ్ల తరబడి టెలివిజన్‌లో ‘టునైట్ షో’ బృందంలో వాయించారు. ప్రతి రాత్రి కోట్ల ఇళ్లలో ఆయన ధ్వని మోగేది, ఆయన పేరు ఎంతమందికి తెలుసు? 2009లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ ఆయనను జాజ్ మాస్టర్‌గా గౌరవించే నాటికి ఆయనకు దాదాపు తొంభై ఏళ్లు.

మరికొందరికి ఆ మాత్రం కాలం కూడా దొరకలేదు. ఎలింగ్టన్ బృందంలోనే తారస్వరాలు వాయించిన ఆల్ కిలియన్ 1950లో లాస్ ఏంజెలిస్‌లో హత్యకు గురయ్యారు, అప్పటికి ఆయన నలభై ఏళ్లయినా నిండని మనిషి. 1929లో ఆర్మ్‌స్ట్రాంగ్‌కు పోటీగా బ్రన్స్‌విక్ కంపెనీ రికార్డులు చేయించిన జాబో స్మిత్, ఆ రికార్డులు అమ్ముడుపోక, కొన్నేళ్లకు మిల్వాకీలో స్థిరపడి అద్దె కార్ల సంస్థలో పనికి కుదిరారు. 1970ల చివర న్యూయార్క్ రంగస్థలం మీద మళ్లీ కనిపించినప్పుడు, ఈ మనిషి ఇంకా బతికే ఉన్నాడా అని ఆశ్చర్యపోయినవారున్నారు.

తారస్వరం వల్ల పేరు వచ్చినవారు లేరని కాదు. కెనడాకు చెందిన మేనార్డ్ ఫెర్గ్యూసన్ 1950లలో స్టాన్ కెంటన్ బృందంలో ఆ స్వరాలతోనే వెలిగి, సొంత బృందాలు నడిపి, 1977లో రాకీ చిత్రగీతాన్ని వాయించి ప్రజాదరణ పొందారు. ఆయన కథలో మనవారు చాలామందికి తెలియని మలుపు ఒకటి ఉంది. 1960ల చివర కుటుంబంతో సహా భారతదేశానికి వచ్చి, మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ పాఠశాలలో సంగీతం నేర్పారు. పుట్టపర్తి సత్యసాయిబాబాను గురువుగా భావించి, తరువాతి కాలంలో కూడా వచ్చి అక్కడి విద్యార్థుల బ్యాండుకు శిక్షణ ఇచ్చారు. లోకంలోని అతి ఎత్తైన ట్రంపెట్ స్వరాల్లో కొన్ని రాయలసీమ కొండల మధ్య మోగాయన్న ఆలోచన నాకు ఎంతో ఇష్టం. అయితే ఫెర్గ్యూసన్‌కు, ఆండర్సన్‌కు మధ్య తేడా ప్రతిభలో లేదు. ఒకరు ముందు నిలబడి బృందానికి తన పేరు పెట్టుకోగలిగారు, మరొకరు వెనుక వరుసలో ఉండిపోయారు. 1963లో ఎలింగ్టన్ బృందం అమెరికా ప్రభుత్వం తరఫున మన దేశానికి వచ్చి ఢిల్లీ, మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో వాయించినప్పుడు ఆ వెనుక వరుసలో ఆండర్సన్ కూడా ఉన్నారు.

1971లో బృందాన్ని విడిచాక ఆయన లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో స్థిరపడి స్టూడియోల్లో, బిల్ బెర్రీ బృందంలో వాయించారు. తన సాధనా పద్ధతిని పుస్తకంగా వెలువరించారు. 1981 ఏప్రిల్ 29న మెదడులో కణితి కారణంగా కాలిఫోర్నియాలోని నార్వాక్‌లో మరణించారు, అప్పటికి 64 ఏళ్లు. ఈనాడు అమెరికాలోనూ యూరప్‌లోనూ ట్రంపెట్ నేర్చుకునేవారు, వారిలో ‘మ్యాడ్నెస్ ఇన్ గ్రేట్ వన్స్’ ఎన్నడూ విననివారు సైతం, తలుపులు మూసుకుని, గడియారం ముందు పెట్టుకుని ఆ మెల్లని పంచమాన్ని పట్టుకుంటారు. ఏం చేస్తున్నావని అడిగితే క్యాట్ ఆండర్సన్ జి అని చెబుతారు.